కరుగుకోట

సూర్యాపేట
9 అక్టోబరు 1966

సరోజనకు,
నాయిన దీవెనలు.

నువ్వు క్షేమంగా చేరినట్టు కార్డు అందింది. కొండ మీద కోట బొమ్మ బాగుంది. పోస్టు మనిషి పంపిన ఊరి పేరు చదవలేక, చెప్పించుకుందామని కార్డును బడికి తెచ్చి ఇచ్చాడు. టీచర్ల గదిలో అందరూ బొమ్మ చూశారు. వెనక నువ్వు రాసింది కూడా చదివారు. ఇకమీద కవరులో రాయి.

ఇక్కడ అంతా మామూలే. వానలు తగ్గాయి. తొమ్మిదో తరగతికి చరిత్రతో పాటు ఇంగ్లీషు కూడా నన్నే చెప్పమన్నారు. వంట నేనే చేసుకుంటున్నాను. ఆఖరి నెలల్లో మీ అమ్మకు చేసిపెట్టినట్టే చేస్తున్నాను. ఇబ్బంది లేదు.

మీ అమ్మ చీరలు పెట్టెలో అట్లాగే ఉన్నాయి. ఏం చేయాలో నువ్వు చెప్పి పోలేదు. నేను అడగలేదు.

అక్కడ చలి మొదలైందని పేపర్లో చూశాను. మీ తాత నేసిన గొంగడి తీసుకుపొమ్మంటే వద్దన్నావు.

ఫిబ్రవరిలో నీ సెమిస్టరు అయిపోతుంది కదా. తారీఖు తెలియగానే రాయి. బొంబాయి దాకా రావాలంటే నేను సెలవు ముందే అడగాలి.

నాయిన
కె. ఉప్పలయ్య


సాల్జ్‌బర్గ్
20 అక్టోబరు 1966

నాయినా,

బిడ్డకు రాసే ఉత్తరం కింద కూడా హాజరు పట్టీలో పెట్టినట్టు పూర్తి సంతకం పెడతావేమిటి? నా గదిలో ఉండే హెల్గా చూసి, ఇది మీ బ్యాంకు వాళ్లు రాసిందా అని అడిగింది.

గొంగడి తేనందుకు బుద్ధి వచ్చింది. ఇక్కడ పొద్దున లేచేసరికి కిటికీ అద్దం లోపలి వైపు కూడా తడిసి ఉంటుంది. హాస్టలు నడిపే సన్యాసినులు మంచివాళ్లే కానీ బొగ్గు పొదుపు. ఊరు చిన్నది. మధ్యలో నది. గంట మోగని పూట లేదు. రొట్టె, ఆలుగడ్డ, మళ్లీ రొట్టె. ఎల్లిపాయ వాసన కోసం కలలు కంటున్నాను.

అసలు విషయం చెప్తాను. నువ్వు నిదానంగా చదవాలి.

పోయిన వారం మా భాషాశాస్త్రం ప్రొఫెసరు మమ్మల్ని ఊరి దగ్గర పాత ఉప్పు గనికి తీసుకుపోయాడు. ఈ ఊరి పేరుకే ఉప్పుకోట అని అర్థం, నీకు చెప్పాను కదా. మాకు తెల్లటి పాయజామాలు తొడిగి, చెక్క జారుడుబల్ల మీద కొండ కడుపులోకి జార్చారు. హెల్గా కేక పెట్టింది. నేను పెట్టలేదు అని రాయాలని ఉంది కానీ అబద్ధం. కింద దీపాల వెలుతురులో నిలబెట్టి ప్రొఫెసరు పరదేశీ విద్యార్థులను వరసగా అడిగాడు: మీ ఇంట్లో ఉప్పును ఏమంటారు? పుస్తకంలో కాదు, ఇంట్లో.

నా వంతు వచ్చేసరికి నోట్లో నుంచి 'కరుగు' అని వచ్చింది.

అమ్మ ఉప్పును ఎప్పుడూ అదే కదా అనేది. "కూరల కరుగు సాలలే, జర చూసెయ్యి బిడ్డా." నువ్వు ఉప్పు అనేవాడివి. నువ్వు పంతులువి కాబట్టి పుస్తకం మాట అంటున్నావని, అమ్మది మన పల్లె మాట అని నేను చిన్నప్పటి నుంచీ అనుకున్నాను.

ప్రొఫెసరు ఆ సాయంత్రమే తన దగ్గరున్న నిఘంటువులన్నీ తిరగేశాడు. ఆ అర్థంతో ఎక్కడా లేదు. మర్నాడు క్లాసులో మనిషి ఆగలేకపోతున్నాడు. తమిళంలో కరిప్పు అంటే ఉప్పదనమట. కన్నడంలో ఏముందో వెతుకుతున్నాడు. ఉప్పు అనే మాట కంటే పాతది ఒకటి మీ సూర్యాపేట పక్కన బతికి ఉంది అంటున్నాడు. ఇంకో రెండు చోట్ల కూడా వాడుతున్నారని తేలితే నా వ్యాసం అచ్చు వేయిస్తాడట. రెండో సెమిస్టరుకు, అంటే జులై దాకా, నన్ను ఉంచమని సిఫారసు చేస్తాడట. నాకు ఉండాలని ఉంది నాయినా. ఇక్కడి లైబ్రరీ నువ్వు చూస్తే ఇంటికి రావు.

కాబట్టి నువ్వు సూర్యాపేటలో, కోదాడలో, మిర్యాలగూడలో అడిగి రాయాలి. ఎవరంటారు, ఏ ఊరివాళ్లు, ఆడవాళ్లా మగవాళ్లా. చిన్నమ్మకు నేనే రాస్తాను.

ఈ ఊరి పేరు చెప్పినప్పుడు అమ్మ వాకిట్లో అందరికీ ఏం చెప్పిందో గుర్తుందా? "మా సరోజన కరుగుకోటకు సదువుకోను పోతది." పక్కింటామె 'జంగమ్మా, అది అమెరికా పక్కనా' అని అడిగితే అమ్మ, "ఏమో తల్లీ, నీళ్లల్ల మాత్రం లేదట" అన్నది.

నీ సరోజన


సూర్యాపేట
5 నవంబరు 1966

సరోజనకు,
దీవెనలు.

నీ ఉత్తరం రెండు సార్లు చదివాను. అడిగాను.

కిరాణా కొట్టు కాశీరాం దగ్గర మొదలుపెట్టాను. "కరుగు ఉన్నదా" అంటే, "సారూ, బెల్లం కరుగుతది, పటిక కరుగుతది, ఉప్పు కరుగుతది. మీకేది గావాలె?" అన్నాడు. కొట్లో ఉన్నవాళ్లు నవ్వారు. కూరగాయల అంగడిలో ఆడవాళ్లను అడిగాను. ఒకామె, "పంతులుకు పెండ్లాం పోయినంక మతి జర తప్పింది" అని పక్కామెతో అన్నది. నాకు వినబడింది.

అది మీ అమ్మ పుట్టింటి మాట అని నేను అనుకునేవాడిని. తుంగతుర్తి నుంచి వచ్చే డ్రిల్లు మాస్టరును అడిగాను. తమ వైపు ఆ మాట ఎప్పుడూ వినలేదన్నాడు.

ఎవరూ అనరు. ఆ మాట రాయవద్దు.

ఉప్పు సంగతి వచ్చింది కాబట్టి నిన్ను ఒకటి అడుగుతాను. మీ అమ్మను పెద్ద దవాఖానలో చేర్చిన రోజు నువ్వు హైదరాబాదు హాస్టల్లో ఉన్నావు. ఒళ్లంతా నీరు పట్టి ఉంది. డాక్టరు చూసి, "ఉప్పు పూర్తిగా బంద్ చెయ్యాలె" అన్నాడు. మీ అమ్మ నా వైపు చూసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వింది. చాలాసేపు నవ్వింది. డాక్టరు నన్ను చూశాడు. నాకేమీ అర్థం కాలేదు. ఏందని అడిగితే తల అడ్డంగా ఊపింది. తర్వాత నేను మళ్లీ అడగలేదు.

ఆ నవ్వు ఎందుకో నీతో ఏమైనా చెప్పిందా? తెలిస్తే రాయి. తెలియకపోతే ఫరవాలేదు.

ఈ విమాన టపా నీలి కాగితంలో చోటు అయిపోయింది.

నాయిన
కె. ఉప్పలయ్య


సాల్జ్‌బర్గ్
17 నవంబరు 1966

నాయినా,

"ఎవరూ అనరు. ఆ మాట రాయవద్దు." ఇంతేనా?

అడిగావు, సంతోషం. నలుగురు నవ్వారు కాబట్టి వదిలేయమంటావు. నాకు అర్థమైంది. చిన్నప్పుడు నేను 'సూడు' అంటే 'చూడు' అనేదాకా అన్నం ముందు కూర్చోబెట్టేవాడివి. గిట్ల, గాడ అన్నీ నా నోట్లో నుంచి ఒక్కొక్కటే ఏరేశావు. అమ్మను కూడా వదల్లేదు. "ఉప్పు అనరాదా, నోరు తిరగదా" అని నువ్వు అనేవాడివి. అమ్మ నవ్వి పొయ్యి దగ్గరికి పోయేది. ఇప్పుడు ఆమె మాట పుస్తకంలోకి వస్తుందంటే నీకు నామోషీ.

ఇక్కడ నా జర్మన్ విని దుకాణాల వాళ్లు నవ్వుతారు. అందుకే నాకు ఇంకా బాగా తెలుస్తున్నది.

డాక్టరు ముందు అమ్మ ఎందుకు నవ్విందో నాకు చెప్పలేదు. పత్యం చప్పిడి తినమంటే, నువ్వు చేసే వంట తలుచుకొని నవ్వి ఉంటుంది. అమ్మకు నీ మీద నవ్వడానికి కారణాలు తక్కువా?

నేను ఫిబ్రవరిలో రావాలని నీకు ఉంటే సూటిగా ఆ మాట అను. కరుగును అడ్డం పెట్టుకోకు.

కోపంగా రాశాను. చింపి మళ్లీ రాద్దామంటే నా దగ్గర ఇదొక్క కాగితమే ఉంది.

సరోజన


కోదాడ
6 డిసెంబరు 1966

సరోజనకు,
దీవెనలు.

నన్ను కోదాడ హైస్కూలుకు మార్చారు. పోయిన నెలాఖరులో చేరాను. నీ ఉత్తరం సూర్యాపేట పోయి ఇక్కడికి వచ్చింది. ఆలస్యానికి అది కారణం. కోపం కాదు.

ఒక గది కిరాయికి తీసుకున్నాను. మీ అమ్మ పెట్టె తెచ్చుకున్నాను.

నామోషీ అని రాశావు. అది కాదు. ఒక్క ఇంట్లో వినబడిన మాటను మూడు తాలూకాల మాట అని అచ్చువేస్తే అది తప్పు. చరిత్ర చెప్పేవాడిగా అంటున్నాను. 'ఉప్పు అనరాదా' అని నేను అన్నమాట నిజం. ఆమె నవ్వేది కాబట్టి నేను అనేవాడిని.

ఇక్కడ కూడా అడిగాను. కోదాడలో ఉప్పును ఉప్పు అనే అంటారు. చివర 'అండీ' చేరుస్తారు. ఇంటావిడ కృష్ణ అవతలి మనిషి. నేను వండిన పప్పు ఆమె పిల్లకు కొంచెం పెట్టాను. సాయంత్రం గిన్నె తిరిగి ఇస్తూ, "మాస్టారూ, ఏమనుకోకండి, అందులో అసలు ఉప్పే లేదండీ. మీకు బీపీ ఏమన్నా ఉందాండీ?" అని అడిగింది. లేదన్నాను. మరెందుకండీ అన్నది. అలవాటు అన్నాను.

అక్కడ ఉండాలనుకుంటే ఉండు. రావాలనుకుంటే రా. నా కోసం ఏదీ చేయవద్దు.

నాయిన
కె. ఉప్పలయ్య


సాల్జ్‌బర్గ్
8 డిసెంబరు 1966

నాయినా,

నీ జవాబు ఇంకా రాలేదు. నా ఉత్తరం నిన్ను బాధపెట్టిందేమోనని రోజూ హాస్టలు గుమ్మంలో టపా చూసి వస్తున్నాను. ఇంతలో మిర్యాలగూడ నుంచి చిన్నమ్మ ఉత్తరం వచ్చింది. తను చెప్తుంటే పక్కింటి పిల్లతో రాయించింది. ఉన్నదున్నట్టు ఇక్కడ దించుతున్నాను.

"బిడ్డా సరోజనా, నువ్వు కరుగు ముచ్చట అడిగినవు. గది మాది గాదు, మా అమ్మగారింటిది గాదు. గది మీ నాయిన పేరు మీద ఉన్నది. మీ నాయిన్నే అడుగు. నేను చెప్తె బాగుండదు. మీ అమ్మ నాకు ఒట్టు వెట్టింది. ఆడ అన్నం దొరుకుతదా? చిక్కిపోకు. ఇట్లు నీ చిన్నమ్మ సక్కుబాయి."

నాయినా, నీ పేరు మీద ఏమున్నది?

నేను రెండు రోజులు ఆలోచించాను. నాట్లకు దున్ని బురద చేసిన మడిని మనం కరిగెట అంటాం కదా. కరుగు అంటే అదేనా? మనకు ఎక్కడైనా పొలం ఉన్నదా? అమ్మకు వాళ్ల నాయిన ఇచ్చింది నీ పేరు మీద మారిందా? చిన్నమ్మకు దాంట్లో పాలు ఉన్నదా? ఒట్టు పెట్టేంత సంగతి ఏమిటి? ఇన్నేళ్లూ నాకు ఎందుకు చెప్పలేదు? ఆ మాట రాయవద్దని నువ్వు అన్నది ఇందుకేనా?

ఉండబట్టక ప్రొఫెసరుకు కరిగెట సంగతి చెప్పాను. తప్పు చేశాను. చౌడుబారిన మడిలో ఉప్పు పైకి తేలుతుంది కదా, అందుకే పొలం పేరు ఉప్పుకు వచ్చిందని ఇప్పుడు ఆయన కొత్తగా చెప్తున్నాడు. నల్లబల్ల మీద మన పొలం బొమ్మ కూడా గీశాడు. మనకు పొలం ఉన్నదో లేదో నాకే తెలియదు.

సరోజన


సాల్జ్‌బర్గ్
19 డిసెంబరు 1966

నాయినా,

నీ కోదాడ ఉత్తరం అందింది. "ఉండాలనుకుంటే ఉండు. రావాలనుకుంటే రా." రైల్వే స్టేషన్లో కిటికీ వెనక గుమాస్తా కూడా ఇంతకంటే ఎక్కువ చెప్తాడు.

నువ్వు చప్పిడి ఎందుకు తింటున్నావు? నీ ఒంట్లో ఎట్లా ఉన్నది? నీకు కూడా నీరు పట్టిందా? దాచకు. అట్లా అయితే నేను ఏ సెమిస్టరూ అడగను, రేపే బయలుదేరుతాను.

పొలం సంగతి నువ్వు ఇంకా రాయలేదు. జనవరి నెలాఖరులో ప్రొఫెసరు పెద్ద సభలో కరుగు మీద మాట్లాడుతాడు. నన్ను పక్కన కూర్చోబెట్టుకుంటాడట. ఆ లోపల రెండో సెమిస్టరు కాగితం మీద నేను సంతకం పెట్టాలి. ఆ మాట నిజమైతే నిజమని, కాకపోతే కాదని, ఎందుకో తెలిస్తే ఎందుకో, ఒక్కసారి పూర్తిగా రాయి నాయినా. సగం సగం రాయకు.

సరోజన


కోదాడ
20 డిసెంబరు 1966

సరోజనకు,
దీవెనలు.

8వ తేదీ ఉత్తరం అందింది. నా పేరు మీద గుంటెడు భూమి లేదు. మీ తాతకు గొర్రెలు ఉండేవి, పొలం లేదు. మీ అమ్మ పుట్టింటి వాళ్లకూ లేదు. మీ చిన్నమ్మ ఏం రాయించిందో నాకు అర్థం కాలేదు. రాసిన పిల్ల తప్పు విన్నదేమో.

ఒకటి తోస్తున్నది. మీ అమ్మ వెండి కడియాలు నా దగ్గర ఉన్నాయి. అవి వాళ్ల అమ్మవి. చెల్లెలికి పోవాలని సక్కుబాయికి ఉండి ఉంటుంది. నోరు తెరిచి అడగలేక అట్లా రాయించిందేమో. న్యాయమే. ఇన్ని నెలలు నాకు ఆలోచన రాలేదు.

క్రిస్మసు సెలవుల్లో పదో తరగతికి అదనపు క్లాసులు ఉన్నాయి. అవి కాగానే మిర్యాలగూడ పోయి ఇచ్చి వస్తాను.

నల్లబల్ల మీది పొలాన్ని తుడిచేయమను.

నాయిన
కె. ఉప్పలయ్య


మిర్యాలగూడ
8 జనవరి 1967

సరోజనకు,
దీవెనలు.

నీ 19వ తేదీ ఉత్తరం అందింది. నా ఒంట్లో ఏమీ లేదు. నీరు పట్టలేదు. ముందు అది తెలుసుకో.

ఇది మీ చిన్నమ్మ ఇంటి అరుగు మీద కూర్చుని రాస్తున్నాను. పొద్దున హుజూర్‌నగర్ మీదుగా బస్సులో వచ్చాను. మీ చిన్నాయన వీరేశం మిల్లుకు పోయాడు. నీలి కాగితం కాదు, తెల్ల కాగితాలు కొన్నాను. పూర్తిగా రాయమన్నావు.

రాగానే కడియాలు తీసి సక్కుబాయి ముందు పెట్టాను. ఆమె చూసి వెనక్కి జరిగింది.

"గివెందుకు తెచ్చినవు బావా?"

"నీవే కదా. సరోజనకు రాయించినవట, నా పేరు మీద ఉన్నదని."

"అయ్యో దేవుడా! నేను రాయించింది కరుగు ముచ్చట. కడియాల ముచ్చట ఎవరెత్తిండ్రు? సరోజనకు పెండ్లయితె పెట్టు. నేను అడుగుతనా?"

"మరి నా పేరు మీద ఏమున్నది?"

ఆమె నా ముఖంలోకి చూసింది. నేను వేళాకోళం చేస్తున్నాననుకున్నది. కాదని తెలిశాక మంచినీళ్ల చెంబు నా ముందు పెట్టి, ఎదురుగా కూర్చున్నది.

"బావా, నీ పేరేంది?"

"ఇదేం ప్రశ్న?"

"చెప్పరాదు."

"ఉప్పలయ్య."

"గంత దూరం పోకు. సగం చెప్పి ఆగు."

"ఉప్ప..."

"ఆఁ. గాడ ఆగు. సమజైందా?"

కాలేదు. ఆమె నుదురు కొట్టుకున్నది.

"పెనిమిటి పేరు పెండ్లాం అంటదా బావా? అక్క కాపురానికి వచ్చిన మొదటి దినం మీ అమ్మ కూరల ఉప్పు చాలలేదన్నదట. ఉప్పు ఏడున్నదని అడగాలె. నోరు తెరిస్తె నీ పేరే వస్తున్నది. 'అత్తా, గా నీళ్లల్ల కరిగేది ఏడున్నది' అని అడిగిందట. మీ అమ్మ నవ్వి చూపిచ్చింది. గదే కరుగు అయింది. మా అక్క సచ్చేదాక ఇంకో మాట అనలే."

నేను ఒప్పుకోలేదు. నా పేరు ఉప్పలమ్మ దేవత మీద పెట్టింది. ఆమెకూ ఉప్పుకూ ఏ సంబంధం లేదు. అదే చెప్పాను.

"నీకు లేదు బావా. నువ్వు సదువుకున్నోనివి. అక్కకు శెవులే ఉండె."

సరోజనా, నేను నా పేరును ఎప్పుడూ అట్లా వినలేదు. ఆమె ఉప్మాను రవ్వబువ్వ అనేది. మిర్యాలగూడ నుంచి ఉప్పుడు బియ్యం వస్తే ఉడికిన బియ్యం అనేది. నోరు తిరగదు అనుకున్నాను. 'ఉప్పు అను' అని నేను ఆమెను అడుగుతున్నది నా పేరు చెప్పమని. అందుకు నవ్వేది.

తర్వాత నేను దవాఖాన సంగతి అడిగాను. ఆ రోజు సక్కుబాయి మంచం పక్కనే ఉన్నది. మీ అమ్మ ఒట్టు పెట్టిందన్నది. ఇప్పుడు ఒట్టు ఎవరికి అన్నాను.

"నువ్వూ డాక్టరూ బయటికి పోయినంక, అక్క నా చెవిల అన్నది" అని చెప్పింది. "దాక్టరు గాయినను బంద్ వెట్టమంటుండే సక్కూ. ఇన్నేండ్ల సంసారం చేసి గిప్పుడు ఎట్ల బంద్ వెడ్తనే?" ఇద్దరూ నవ్వారట. నర్సు వచ్చి కోపం చేసిందట.

"నాకెందుకు చెప్పలేదు?" అన్నాను.

"గిసొంటియి మొగోళ్లకు చెప్తరా బావా?" అన్నది.

నేను అప్పుడు మందుల దుకాణానికి పోయి ఉన్నాను. వచ్చేసరికి ఇద్దరి కళ్లూ తడిగా ఉన్నాయి. ఏడ్చారనుకున్నాను.

నువ్వు అడిగినదానికి జవాబు. ఆ మాట సూర్యాపేటది కాదు. కోదాడది కాదు. మిర్యాలగూడది కాదు. తమిళం కాదు, పొలం కాదు. ఒక్క మనిషి మాట. ఇది చెప్తే నీకు రెండో సెమిస్టరు రాదని నాకు తెలుసు. చెప్పకుండా ఉందామని బస్సు స్టాండు దాకా పోయి తిరిగి వచ్చాను. నువ్వు ఇంటికి రావాలని నాకు ఉన్నది. అందుకు చెప్తున్నానని నువ్వు అనుకోవచ్చు. రెండూ నిజమే. ఏది ఎంతో నాకు తెలియడం లేదు.

ఏం చేయాలో నీ ఇష్టం. ఈసారి ఆ మాటను విసుగుతో అనడం లేదు. నువ్వు ఏది రాసినా వద్దనను.

చిన్నమ్మ అన్నానికి లేవమంటున్నది.

నాయిన


సాల్జ్‌బర్గ్
20 జనవరి 1967

నాయినా,

నీ ఉత్తరం మెట్ల మీదే నిలబడి చదివాను. హెల్గా వచ్చి ఏమైందని అడిగింది. చెప్పబోతే నవ్వు వచ్చింది. తర్వాత నవ్వు కాదు.

మొన్న ప్రొఫెసరు గదికి పోయాను. ఆయన గోడ మీద పెద్ద కాగితం ఉంటుంది. తమిళం, కన్నడం, మలయాళం, మధ్యలో ఎర్ర సిరాతో అమ్మ మాట. నేను నీ ఉత్తరంలోని మాటలు జర్మన్‌లో చెప్పాను. 'గాయినను బంద్ వెట్టమంటుండే' దగ్గర ఆగిపోయాను. అది ఏ భాషలోకీ పోలేదు. ముసలాయన అర్థం చేసుకున్నాడు. నీ పేరు మళ్లీ చెప్పమన్నాడు. నేను చెప్పాను. సగం దగ్గర ఆయనే చెయ్యెత్తి ఆపాడు.

గోడ మీది కాగితంలో ఆ మాటను కొట్టేశాడు. గీత సన్నగానే గీశాడు. సభలో ఇంకేదో మాట్లాడుతానన్నాడు. సిఫారసు చేయలేనన్నాడు. అది న్యాయమే. చెప్పకుండా ఉంటే ఎవరికీ తెలిసేది కాదు. కానీ ఆయన పక్కన కూర్చుని నలుగురి ముందు అది ఉప్పు అని ఎట్లా చెప్పను? ఇప్పుడు నాకు తెలుసు కదా.

బయటికి వచ్చాక కొంచెం ఏడ్చాను. లైబ్రరీ కోసం.

ఇక్కడ పొద్దున్నే బండి వచ్చి వీధుల్లో ఉప్పు చల్లుతుంది, మంచు గడ్డ కట్టకుండా. నిన్న దాని పక్కన నిలబడి చూశాను. అమ్మ ఈ ఊరి పేరు తప్పు పలికిందని మనమంతా నవ్వాం. తప్పు పలకలేదు. ఊరి పేరులో కూడా నువ్వే అడ్డం వచ్చావు.

నీకు నామోషీ అని రాశాను. ఆ కాగితం ఉంటే పొయ్యిలో వేయి.

ఫిబ్రవరి చివరి వారంలో ఓడ బొంబాయి చేరుతుంది. తారీఖు తంతి ఇస్తాను. సెలవు అడుగు. చీరలు అట్లాగే ఉంచు, నేను వచ్చి చూస్తాను. చప్పిడి తినడం ఎందుకో నువ్వు ఇంకా చెప్పలేదు.

నీ సరోజన


కోదాడ
2 ఫిబ్రవరి 1967

సరోజనకు,
నాయిన దీవెనలు.

సెలవు అడిగాను. ఇచ్చారు. గొంగడి బొంబాయికి తెస్తాను. రైల్లో చలి ఉంటుంది.

చప్పిడి సంగతి. మీ అమ్మకు పత్యం వండే రోజుల్లో ఇంట్లో రెండు కూరలు ఎందుకని నేనూ అదే తిన్నాను. నాకు మాత్రం వేసుకొమ్మని ఆమె రోజూ పోరేది. "నా తిండి చప్పగైతె అయింది, మీకేమైంది? మీరు జర కరుగు ఏసుకోండ్రి" అనేది. వేసుకోలేదు. ఆమె పోయిన తర్వాత అట్లాగే సాగింది. కొత్తగా మొదలుపెట్టడానికి కారణం కనబడలేదు.

ఈ ఉత్తరం కవరు మీద సాల్జ్‌బర్గ్ అనే రాశాను. పోస్టు వాళ్లకు ఆ పేరే తెలుసు.

ఇవాళ పొద్దున ఇంటావిడ గుమ్మంలో నిలబడి, "మాస్టారూ, బజారుకు పోతున్నాను, ఏమన్నా కావాలాండీ?" అని అడిగింది. కరుగు తెమ్మన్నాను. ఆమెకు అర్థం కాలేదు. చెప్పాల్సి వచ్చింది.

పప్పులో వేశాను. అంచనా తప్పింది, ఎక్కువైంది. అయినా తిన్నాను.

నాయిన